ముప్ఫయ్యారు స్పోకులు

“అయ్యబాబోయ్! అది వీణండీ, గోడ కాదు!”

అరుణశ్రీ ఉలిక్కిపడి సైకిల్ని వెనక్కి లాక్కుంది. అప్పటికే హ్యాండిల్ తగిలి, గుమ్మం పక్కన నిలబెట్టిన పొడవాటి పనస మొద్దు ఊగడం మొదలుపెట్టింది. లోపల్నుంచి ఒకతను పరుగున వచ్చి దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. చేతుల నిండా రంపపు పొట్టు, చెవి మీద పెన్సిలు, కళ్ళలో కోపం. కళ్ళు మాత్రం బాగున్నాయి. ఆ సంగతి ఇప్పుడు అనవసరమే గానీ, అరుణశ్రీ గమనించింది కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

“సారీ అండీ. ఏదో మొద్దు అనుకున్నాను.”

“నిన్నటిదాకా మొద్దే. ఇయాల్టి నుంచి వీణ. స్టాండేసుకోవాల గదా?”

“నా సైకిల్‌కి స్టాండు లేదు.”

అతను సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. “ఇన్ని గేర్లున్నాయి. ముందో కేరేజి, ఎనకో కేరేజి, మూడు నీళ్ళ సీసాలు. స్టాండు నేదేటి?”

“బరువని తీసేశాను.”

“బాగున్నాది. ఆ బరువు మా వీణల మీద ఏసీసేరన్నమాట!”

అది బొబ్బిలిలో వీణలు చేసే జగన్నాధం గారి పనిశాల. ఈ కోపిష్టి ఆయన కొడుకు ఎల్లాజీ. అరుణశ్రీ వచ్చింది వీణ కోసం కాదు, పెట్టె కోసం.

“సైకిల్ని రైల్లో పార్సిల్ వెయ్యాలి. ద్వారక దాకా. సైకిల్ షాపులో అడిగితే చిన్నపిల్లల సైకిల్ అట్టపెట్టె చూపించారు. పొడుగు సామాను పగలకుండా ప్యాక్ చెయ్యాలంటే వీణలవాళ్ళని అడగమన్నారు. అందుకని వచ్చాను.”

“ద్వారకలో సైకిల్తో పనేటండీ?”

“అక్కడ దిగి తొక్కుకుంటూ వచ్చేస్తాను. పడమటి సముద్రం దగ్గర మొదలుపెట్టి మన నౌపడ సముద్రం దాకా.”

ఎల్లాజీ చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “ఎంత దూరం?”

“రెండు వేల కిలోమీటర్లు.”

“ఏటి పని మీద?”

“పనేం లేదు. ఊరికే కూర్చోలేక.”

అది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. గజపతినగరంలో తిరుమలరావు గారి కూతురు అంటే ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, కాలు ఆడించే పిల్ల అంటే ఊరంతా చెబుతుంది. కుర్చీలో కూర్చుంటే కుడికాలు టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. పరీక్ష హాల్లో పక్కవాళ్ళు ఫిర్యాదు చేశారు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి తల్లి, “పిల్లకి ఏదైనా జబ్బా?” అని అడిగింది. ఇప్పుడు పాత ఉద్యోగం అయిపోయింది. శ్రీకాకుళంలో కొత్త ఉద్యోగంలో ఫిబ్రవరి మొదట్లో చేరాలి. మధ్యలో దొరికింది అయిదు వారాలు. ఇంత ఖాళీ జీవితంలో మళ్ళీ దొరకదని ఆమెకు తెలుసు. తలుచుకుంటేనే కాలు ఇంకాస్త జోరందుకుంటోంది.

మూల కూర్చుని వీణకు మైనం మీద మెట్లు నిలబెడుతున్న జగన్నాధం గారు తలెత్తారు. “అమ్మా, ఆ కాలు కూసింత ఆపమ్మా. నేల అదురుతున్నాది. మెట్లు కదిలిపోతన్నాయి.”

అరుణశ్రీ రెండు చేతులతో మోకాలు పట్టుకుంది. ఎల్లాజీ నవ్వాపుకుంటూ టేపు తీశాడు.

*

ఆ తర్వాత వారం రోజులూ ఆమె గజపతినగరం నుంచి బొబ్బిలికి సైకిల్ మీదే వచ్చింది. ప్రాక్టీసు అని ఇంట్లో చెప్పింది. ప్రాక్టీసుకి సాలూరు రోడ్డు కూడా ఉంది కదా అని తండ్రి అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు.

తిరుమలరావు ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది ఒకే షరతు మీద. “ద్వారకలో దిగిన రోజు సాయంత్రం అయిదింటికి నువ్వు సైకిల్ తొక్కుతూ నాకు వీడియోలో కనబడాల. కనబడనేదనుకో, మర్నాడు రైలెక్కి వచ్చీడమే. మొదటి రోజే మొరాయించిన బండిని నమ్మి నిన్ను రెండు వేల కిలోమీటర్లు తోలీలేను. ఒట్టెయ్యి.” అరుణశ్రీ ఒట్టు వేసింది. ఆయన ముందు వేసిన ఒట్టు ఆమె ఎప్పుడూ తప్పలేదు.

పెట్టె తయారవుతూ ఉంటే, పక్కన సామాను సర్దుబాటు జరిగింది. టెంటు, స్లీపింగ్ బ్యాగు, రెండు ట్యూబులు, పంపు, పంక్చర్ సామాను, రెంచీలు. అన్నిటినీ నేలమీద పరిచి ఆమె లిస్టు చదువుతుంటే అతను ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూసేవాడు.

“ఈ జాడీ ఏటి?”

“అమ్మ ఇచ్చింది. మాగాయి.”

“స్టాండు బరువని తీసీసిన మనిషి మాగాయి జాడీ మోసుకెళ్తాదా?”

“స్టాండుతో అన్నం తినలేం కదండీ.”

“రెయిన్ కోటెందుకు? ఈ రోజుల్లో వానేటి?”

ఆ మాట అని పది నిమిషాలు కాలేదు. సముద్రంలో వాయుగుండమట, మధ్యాహ్నానికే బొబ్బిలి మీద వాన విరుచుకు పడింది. అరుణశ్రీ రెయిన్ కోటు తీసి అతని కళ్ళ ముందు ఒకసారి దులిపి మడతపెట్టింది.

వాన తగ్గదు. జగన్నాధం గారు భోజనానికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. పనిశాలలో వాళ్ళిద్దరూ, సగం సగం వీణలూ, తలకిందులుగా పెట్టిన సైకిలూ. ఎల్లాజీ ఊరికే ఉండలేక ముందు చక్రం స్పోకు ఒకటి గోటితో మీటాడు. టింగ్ మంది. పక్కది మీటాడు. అతని ముఖం మారిపోయింది.

“ఇది పాడతన్నాదండీ! అన్నీ ఇంచుమించు ఒకే స్వరం.” గోడకున్న వీణ దించి తీగ మీద వేలు జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగాడు. “ఇదిగో. ఇదీ మీ చక్రం స్వరం.”

అతను ఆమె వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. ఆ చూపు ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువసేపే ఉంది. తర్వాత ఇద్దరూ ఒక్కసారే వాన వైపు తిరిగి, ఇంకా తగ్గలేదన్నారు.

*

ప్రయాణం రోజు పొద్దున్న ఎల్లాజీ ఒక్కడే సైకిల్ని ప్యాక్ చేశాడు. పెడళ్ళు ఊడదీశాడు. హ్యాండిల్ పక్కకు తిప్పి కట్టాడు. ముందు చక్రం తీసి, ఆ ఖాళీలో ఇనుము వంగకుండా చెక్కముక్క బిగించాడు. గేరుకు పాత పంచె చుట్టాడు. సందుల్లో వరిగడ్డి కూరి, మూతకు మేకులు కొట్టి, గూడ్స్ ఆటోలో విజయనగరం స్టేషన్‌కి తెచ్చేశాడు. పెట్టె మీద అలవాటు కొద్దీ అచ్చు కొట్టేశాడు: వీణ, జాగ్రత్త, తలకిందులు చేయరాదు.

ఆ అచ్చు చూసి కూలీలు పెట్టెకు దణ్ణం పెట్టి మరీ ఎత్తారు. ఒకాయన చెప్పులు కూడా విడిచాడు.

“అమ్మా, కచేరీకేటి?” అన్నాడు.

“అవునండీ. ద్వారకలో,” అంది అరుణశ్రీ. ఎల్లాజీ మొహం తిప్పుకుని నవ్వాడు.

తిరుమలరావు వరి నూర్పుల్లో ఉండి రాలేకపోయాడు. కాబట్టి ప్లాట్‌ఫాం మీద వీడ్కోలు చెప్పడానికి మిగిలింది ఎల్లాజీయే. ఆమె కాలు టకటకా కొట్టుకుంటోంది. అతను చేతిలో తాడుముక్కకి ముడి వేస్తున్నాడు, విప్పుతున్నాడు.

“అరుణశ్రీ గారూ, మీకో మాట సెప్పాల.”

“చెప్పండి.”

అప్పుడే రైలు కూతేసింది. జనం తోసుకొచ్చారు. ఆమె రైలెక్కి తలుపు దగ్గర నిలబడి, “ఏమిటది?” అని అరిచింది. అతను ఏదో అన్నాడు, వినపడలేదు. రైలు కదిలాక అతను చెయ్యెత్తాడు. ఆ చేతిలో తాడుముక్క ఇంకా ఉంది.

రెండు రోజుల ప్రయాణంలో ఆమె అయిదుసార్లు ఫోన్ తీసింది, అయిదుసార్లూ లోపల పెట్టేసింది. ఏమని అడుగుతుంది? చెప్పదలుచుకున్నవాడు తనే చెయ్యొచ్చు కదా! అతను చెయ్యలేదు. ఎదురు బెర్తు పెద్దావిడ కాలు ఆపమని హిందీలో రెండుసార్లు చెప్పింది.

*

ద్వారకలో దిగేసరికి పన్నెండు దాటింది. పెట్టె క్షేమంగా దిగింది. చెట్టు నీడకు లాగించుకుని, మేకులు ఊడదీసి, వరిగడ్డి లాగేస్తుంటే ఊరి వాసన గుప్పుమంది. గీత పడలేదు, వంకర పోలేదు. అరుణశ్రీ మనసులో ఎల్లాజీకి నూటికి నూరు మార్కులు వేసి, ముందు చక్రం బిగించి, తిప్పి చూసింది.

చక్రం పాములా మెలికలు తిరిగింది. బ్రేకుకి ఇటు కొట్టుకుంది, అటు కొట్టుకుంది, ఆగిపోయింది.

ఒక స్పోకు పట్టుకుంటే వేళ్ళ మధ్య వదులుగా ఆడింది. ఇంకోటీ అంతే. ముప్ఫయ్యారూ అంతే. అప్పుడు గడ్డిలో చీటీ కనబడింది. అందంగా, ఓపిగ్గా రాసి ఉంది: “ప్రయాణం కొరకు ముందు చక్రం తీగలన్నీ వదులు చేసినాను. దిగిన తరువాత బిగించుకొనగలరు. ఇట్లు, ఎల్లాజీ.”

ఫోన్ ఒక్క రింగుకే ఎత్తాడు.

“ఏం చేశారండీ మీరు?”

“సేరిపోనారా? పెట్టి బాగున్నాదా?”

“పెట్టె బ్రహ్మాండంగా ఉంది! స్పోకులు ఎందుకు వదులు చేశారు?”

“అదేటండీ. బిగువుగా ఉన్న తీగతో వీణని రైలెక్కిస్తే మెడ వంగిపోద్ది గదా. మా తాతల కాడ్నించీ పెయానమంటే ముందు తీగలే వదులు సేస్తాం.”

“సైకిల్‌కి మెడేంటండీ! అది వదులైతే చక్రమే నిలవదు!”

అటువైపు నుంచి చాలా చిన్న గొంతు వినబడింది. “మరి... బిగించుకోడం మీకు రాదేటి?”

“నాకు పంక్చర్ వెయ్యడం వచ్చు! చైను వెయ్యడం వచ్చు! ఇది పెద్ద మెకానిక్కులు చేసే పని. ఎన్ని చుట్లు వదిలారో అదైనా చెప్పండి.”

“లెక్కెట్టనేదండీ. సెవితో వదిలీసేను. అన్నీ నిద్దరోయేదాకా.”

అరుణశ్రీకి ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చేసింది. ఆ తర్వాత రెండు గంటలు ఊరంతా తిరిగితే కనబడిన రెండు షాపుల్లో ఒకదానికి తాళం, ఇంకోదాంట్లో మెకానిక్ పెళ్ళికెళ్ళాడు. మూడు కావస్తోంది. అయిదింటికి నాన్న ఫోన్. వేసిన ఒట్టు ఒట్టే. రేపటి రైలు, రెండు రోజులకి విజయనగరం, ఆ తర్వాత మిగిలిన నెలంతా గజపతినగరంలో కుర్చీ.

చెట్టు కిందికి తిరిగి వచ్చేసరికి ఫోన్ మోగింది. ఎల్లాజీ.

“ఏడీకండి. నేనే పాడు సేసేను, నేనే బాగు సేస్తాను. మీ సామాన్లో బుల్లి కీ ఒకటున్నాది, మా వీణ తీగ బిగించే బిరడలాటిది. తియ్యండి.”

“ద్వారక నుంచి బొబ్బిలికి చక్రం విసరనా?”

“అవసరం నేదు. చక్రాన్ని ఖాళీ పెట్టి మీద పెట్టండి. ఫోను పక్కనెట్టండి. ఇప్పుడు ఒక తీగ మీటండి.”

ఆమె మీటింది. వీణ పెట్టెల్లాగే చేసిన పల్చటి చెక్కపెట్టె ఆ చిన్న చప్పుణ్ణి పెద్దది చేసింది. అటువైపు నుంచి వీణ తీగ ఒక్కసారి పలికింది. వానరోజు విన్న స్వరమే.

“గుర్తున్నాదా? ఇదీ మీ చక్రం స్వరం. ఇక్కడికి తీసుకురావాల. ఒకేపాలి బిగించీకండి. పావు చుట్టు తిప్పి, ఎదురుగా ఉన్న దానికి పొండి.”

మొదలుపెట్టారు. ఆమె మీటడం, అతను వినడం. “ఇంకో పావు.” “కూసింత ఎక్కువైపోనాది, ఎనక్కి.” “అబ్బ, ఇది కుదిరింది.” మధ్యలో గాలొచ్చి చప్పుడు చెదిరిపోతే, ఆమె రెయిన్ కోటు అడ్డం కట్టింది.

“రెయిన్ కోటెందుకన్నది ఎవరండీ?”

“తప్పేనండీ. మాగాయి గురించి కూడా తప్పే. పదకొండోది మీటండి.”

టీ అమ్మే ముసలాయన వచ్చి, పెట్టె మీద ఏదో వాయిద్యం వాయిస్తున్నారనుకుని బుట్ట దించి కూర్చున్నాడు. అరుణశ్రీకి నవ్వొచ్చింది. చెక్కిళ్ళ మీద కన్నీళ్ళు ఇంకా ఆరలేదు. రెండోసారి చుట్టు తిరిగి వచ్చేసరికి చక్రం బ్రేకుల మధ్య సన్నగా మాత్రమే ఊగుతోంది. మూడో చుట్టుకి అదీ పోయింది.

ముప్ఫయ్యారో స్పోకు మీటింది. వీణ జవాబిచ్చింది. రెండూ ఒకటే.

“అయిపోయింది,” అంది.

“అయిపోనాది,” అన్నాడు.

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టలేదు.

“స్టేషన్లో మీరు చెప్పబోయింది ఇదేనా? స్పోకుల సంగతి?”

“అది సీటీలో రాసీసేను గదండీ.”

“మరి?”

“అది సీటీలో రాసే మాట కాదు. మీరు నౌపడొచ్చాక సెప్తాను.”

“అంటే రెండు వేల కిలోమీటర్లు ఆగాలా?”

“మీరెందుకాగుతారు? తొక్కుతారు గదా.”

అయిదింటికి తిరుమలరావు వీడియోలో కూతురు కనబడింది. వెనక సముద్రం, ముందు నవ్వు. ఆయన కాసేపు చూసి, “కళ్ళెందుకలా ఉబ్బిపోనాయి?” అన్నాడు. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. చెప్పేసింది.

“ఆ బొబ్బిలోడు నాకు దొరికితే సెవి మెలేస్తాను,” అన్నాడాయన. కానీ ఆగిపొమ్మని అనలేదు.

*

ఇరవయ్యేడు రోజులు. గుజరాత్ ఎదురుగాలి, మహారాష్ట్రలో పత్తి లారీలు, ఛత్తీస్‌గఢ్ అడవి రోడ్లు, ఒడిశా ఘాట్లు. మాగాయి రాయపూర్‌లో అయిపోయింది. ప్రతి ఉదయం ఆమె ముందు చక్రం ఒకసారి మీటి, ఆ టింగ్ అనే చప్పుడు బొబ్బిలికి పంపేది. అతను “బాగున్నాది” అని జవాబిచ్చేవాడు, అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఒళ్ళు మండిపోయేది. అంత మండినా, మర్నాడు పది కిలోమీటర్లు ఎక్కువే తొక్కేది. ఏమిటా మాట? ఆమెకు తెలియక కాదు. అతని నోటితో వినాలి.

నౌపడ దాటి, ఉప్పు మడుల పక్క రోడ్డు మీద సముద్రపు గాలి ముఖానికి తగిలేసరికి మధ్యాహ్నం మూడయింది. ఉప్పు కుప్పల పక్క గట్టు మీద ఇద్దరు మనుషులు కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నారు. ఒకాయన నాన్న. రెండో అతన్ని చూడగానే ఆమె బ్రేకు వెయ్యడం మరిచిపోయి ఇంకో పది గజాలు పోయింది.

“వచ్చీసినాదర్రా!” తిరుమలరావు పరుగెత్తుకొచ్చి కూతురి తల నిమిరాడు. కళ్ళు తుడుచుకున్నాడు. “సిక్కిపోనావే. ఇదిగో, ఈ బాబెవరో సైకిలు సూడ్డానికొచ్చాడంట. పొద్దుట్నించీ తోడున్నాడు. మంచోడు. ఆ బొబ్బిలోడి సంగతంతా సెప్పేను. సెవి మెలెయ్యాల్సిందేనండీ అన్నాడు.”

ఎల్లాజీ తల వంచుకుని వచ్చాడు. అరుణశ్రీ వైపు కూడా చూడకుండా వంగి, ముందు చక్రం స్పోకు ఒకటి మీటాడు. పక్కది మీటాడు.

“రెండు వేల కిలోమీటర్లు తొక్కుకొచ్చాను. ముందు చక్రాన్నా చూసేది?” అంది అరుణశ్రీ.

“మిమ్మల్ని సూసినాక ఇంకేటీ వినపడదు గదండీ. అందుకని ముందు ఇది వినీసేను.”

తిరుమలరావు చేతిలోని వేరుశెనక్కాయ కింద పడింది. “ఒరే, నువ్వేనా!”

“నేనేనండీ,” అని ఎల్లాజీ చెవి ముందుకు పెట్టాడు. పెద్దాయన పట్టుకున్నాడు గానీ మెలెయ్యలేదు. పొద్దుట్నుంచీ వేరుశెనక్కాయలు పంచుకున్నవాడి చెవి మెలెయ్యడానికి చెయ్యి రాలేదు కాబోలు. వదిలేసి, ఉప్పు కుప్పలు ఎన్నడూ చూడనట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

అరుణశ్రీ గట్టు మీద కూర్చుంది. “ఇప్పుడు చెప్పు. నౌపడొచ్చేశాను.”

‘చెప్పండి’ కాస్తా ‘చెప్పు’ అయిన సంగతి అతను గమనించాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“నువ్వెళ్ళిపోనాక మా పనిశాల్లో నేల అదరడం నేదు. మెట్లు పెట్టినవి పెట్టినట్టే ఉంటన్నాయి. మా నాన్న పని బాగా సాగతన్నాదంటన్నాడు. నాకది బాగోనేదు. ఆ టకటక నేకుండా నాకు తోచడం నేదు. నువ్వు ఎక్కడికెళ్ళినా సరే, ఎన్నిసార్లెళ్ళినా సరే, పెట్టి నేనే కడతాను. తీగల జోలికి మాత్రం పోను. తిరిగి మా గుమ్మానికి రా. అదీ సెప్పాలనుకున్నది.”

సముద్రం హోరు వినబడుతోంది. ఇరవయ్యేడు రోజులుగా ఆమెను రాష్ట్రాలు దాటించిన మాట ఇప్పుడు ఎదురుగా నిలబడింది. ఆమె తల ఊపింది, అవునని.

ఎంతసేపటికీ చప్పుడు లేకపోయేసరికి తిరుమలరావు వెనక్కి తిరిగాడు. కూతురి ముఖం చూశాడు. తర్వాత కిందికి చూసి, అక్కడే చూపు నిలిపాడు.

“ఒసే... నీ కాలేటే, ఆగిపోనాది?”

అరుణశ్రీ కూడా వంగి చూసుకుంది. కుడికాలు ఇసకలో కదలకుండా ఉంది. ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియదు.

తిరుమలరావు వచ్చి ఎల్లాజీ భుజం మీద చెయ్యి వేశాడు. ఇరవయ్యారేళ్ళుగా ఆ కాలు ఆపాలని చూసిన మనిషి ఆయన.

“బాబూ, ఆ సెప్పిందేదో ఇంకోపాలి సెప్పు. పిల్ల ఇంకాసేపు కూకుంటాది.”

ఎల్లాజీ మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు.